ఇల్లు మీది, నేల వేరొకరిది: అమెరికాలో మొబైల్ హోమ్ పార్కుకు ప్రభుత్వ గ్రాంటు ఎలా తెచ్చుకోవాలి

మా పక్క వీధి చివర ఒక మొబైల్ హోమ్ పార్కు ఉంది, అంటే ఫ్యాక్టరీలో కట్టి తెచ్చిన సొంత ఇళ్ళను అద్దె నేల మీద నిలుపుకున్న చోటు. ఓ జనవరిలో అక్కడుండే పెద్దావిడ ఒకరు నన్ను పిలిచి, ఇంటి చుట్టూ కట్టిన స్కర్టింగ్ రేకు ఒకటి పక్కకు జరిపి, టార్చి వేసి లోపలికి చూడమన్నారు. వంగి చూస్తే బూడిద రంగు ప్లాస్టిక్ పైపు, అతుకు దగ్గర బిగించిన రాగి రింగు, దాని కింద వేలెడు మందాన గడ్డకట్టిన నీళ్ళు కనిపించాయి. నీళ్ళు గడ్డకట్టకుండా పైపుకు చుట్టే, కరెంటుతో వేడెక్కే హీట్ టేపు సగం మాడిపోయి ఉంది. ఆవిడ ఒక్క నెల కూడా లాట్ రెంట్, అంటే నేల అద్దె, ఆపలేదు. ఇంటి మీద అప్పు లేదు. అయినా ఆ పైపు ఎవరు బాగుచేయాలో ఆవిడకు తెలియదు, ఆఫీసులో అడిగితే వాళ్ళూ చెప్పలేదు.

వృత్తిరీత్యా నేను సివిల్ ఇంజనీర్ని. ఆ రోజు నుంచి ఆ పార్కు వాళ్ళ కాగితాల పనిలో చేయి వేస్తున్నాను. ఒకసారి గడువు తప్పి దెబ్బ తిన్నాం కూడా. ఆ దారిలో నేర్చుకున్నది ఇక్కడ వరసగా చెబుతాను. మీరు అలాంటి పార్కులో ఉంటున్నా, పక్కన ఉంటూ సాయం చేయాలనుకుంటున్నా, లెక్కలో ఇంజనీరింగో తెలిసి వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినా ఇది మీకోసమే.

మన ఊళ్ళలో పొరంబోకులో ఇల్లు వేసుకున్నవాళ్ళకు పట్టా చేతికొచ్చేదాకా నిద్ర పట్టదు. ఇక్కడి పార్కుల్లో ఉండేవాళ్ళ భయం కూడా దానికి దగ్గరే. తేడా ఏమిటంటే, వీళ్ళు ఇల్లు డబ్బు పెట్టి న్యాయంగా కొనుక్కున్నారు, పన్ను కడుతున్నారు, నేలకు అద్దె కడుతున్నారు. కానీ ఆ నేల యజమాని రేపు దాన్ని అపార్ట్‌మెంట్ల వాళ్ళకు అమ్మేస్తే ఇల్లు ఎత్తుకుపోవడం మాటల్లో పని కాదు. పేరుకే మొబైల్. కదిలించడానికి వేల డాలర్లు కావాలి, పాత ఇల్లయితే ఇంకో పార్కు రానివ్వదు. కాబట్టి గ్రాంటు అంటే పైపులకు, రోడ్లకు వచ్చే డబ్బు మాత్రమే అనుకోకండి. కుదిరినచోట ఆ నేల చెయ్యి జారకుండా చూసుకోవడం అసలు పని.

ఏ డబ్బు ఎక్కడ ఉంటుంది

ఫెడరల్ ప్రభుత్వంలో ఇళ్ళ వ్యవహారం చూసే శాఖను అందరూ హడ్ అంటారు. పార్కుల కోసమే ప్రత్యేకంగా ఆ శాఖ దగ్గర ప్రైస్ అనే పథకం ఉంది. 2023 బడ్జెట్ చట్టంలో కాంగ్రెస్ దీనికి 22.5 కోట్ల డాలర్లు ఇచ్చింది. అందులో 2.5 కోట్లు, పాత పార్కును తిరిగి కట్టి తక్కువ ఖర్చు ఇళ్ళు లేపే పైలట్ ప్రాజెక్టులకు. దరఖాస్తులు పిలుస్తూ మొదటి నోటీసు 2024 ఫిబ్రవరి చివర్లో వచ్చింది. గడువు ముందు జూన్ 5 అన్నారు, తర్వాత జులై 10కి జరిపారు. అంటే మొత్తం కలిపి నాలుగున్నర నెలలు. సంఘం కూడా లేని పార్కుకు ఆ నాలుగున్నర నెలలు ఏ మూలకూ చాలవు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం నోటీసు రాకముందు చేసుకోవాల్సిన పని గురించే.

ఆ విడతలో ప్రధాన గ్రాంటుకు అడగాల్సిన కనీస మొత్తం 50 లక్షల డాలర్లు, గరిష్ఠం 7.5 కోట్లు. ఈ అంకె చూసి చాలామంది బెదిరిపోతారు. నలభై ఇళ్ళ పార్కు ఒంటరిగా అంత డబ్బు అడిగి, ఖర్చుపెట్టి, లెక్క చెప్పడం కష్టం. అందుకే చిన్న పార్కులు కౌంటీతోనో (మన జిల్లా లాంటిది), రాష్ట్ర గృహ సంస్థతోనో, పెద్ద లాభాపేక్ష లేని సంస్థతోనో కలిసి వాళ్ళ దరఖాస్తులో ఒక భాగంగా చేరడం మంచిది.

ప్రైస్ ఒక్కటే దారి కాదు. 1974 నుంచి నడుస్తున్న కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంటు నిధులు మీ నగరానికో కౌంటీకో ఏటా వస్తాయి, చిన్న ఊళ్ళకు రాష్ట్రం ద్వారా వస్తాయి. వాటితో నీటి లైన్లు, మురుగు లైన్లు వేయొచ్చు, ఇళ్ళ మరమ్మతులూ చేయొచ్చు. కొన్ని రాష్ట్రాలకు పార్కుల కోసమే సొంత నిధులున్నాయి. మిన్నెసోటాలో పార్కుల మౌలిక వసతులకు ప్రత్యేక గ్రాంటు ఉంది. కాలిఫోర్నియాలో మోర్ అనే పథకం ఉంది. కొలరాడో 2022లో నివాసులు తమ పార్కు తామే కొనుక్కోవడానికి అప్పులు, గ్రాంట్లు ఇచ్చే నిధి పెట్టింది. మీ రాష్ట్ర గృహ శాఖకు ఫోన్ చేసి "మాన్యుఫాక్చర్డ్ హోమ్ కమ్యూనిటీలకు మీ దగ్గర ఏముంది?" అని ఇదే మాటతో అడగండి. ప్రభుత్వ కాగితాల్లో ఇలాంటి పార్కుల పేరు అదే. మొబైల్ హోమ్ అంటే ఒక్కోసారి వేరే విభాగానికి కలుపుతారు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ప్రైస్ డబ్బు ఒక కుటుంబం ఖాతాలోకి నేరుగా రాదు. "మీకు గ్రాంటు శాంక్షన్ అయింది, ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసం.

ముందు ఇళ్ళు లెక్కపెట్టండి

పార్కులో ఎన్ని ఇళ్ళున్నాయో, అవి ఏ కాలానివో రాసుకోవడంతో మొదలుపెట్టండి. ఇక్కడ ఒక తేదీ ముఖ్యం: 1976 జూన్ 15. ఆ రోజు నుంచి ఫ్యాక్టరీలో కట్టే ఇళ్ళకు ఫెడరల్ భద్రతా ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. అంతకు ముందువి చట్టం దృష్టిలో మొబైల్ హోమ్‌లు, ఆ తర్వాతవి మాన్యుఫాక్చర్డ్ హోమ్‌లు. మరమ్మతు చేయాలా, తీసేసి కొత్తది పెట్టాలా అన్న నిర్ణయం చాలావరకు ఈ తేదీ మీదే ఆధారపడుతుంది.

తెలుసుకోవడం ఎలాగంటే, ఇంటి వెనక గోడ కింది మూల ఎర్రటి చిన్న లోహపు పలక కోసం చూడండి. రెండు ముక్కలుగా వచ్చిన ఇల్లయితే ఒక్కో ముక్కకు ఒక్కో పలక ఉంటుంది. లోపల డేటా ప్లేటు అని ఒక కాగితం అతికించి ఉంటుంది. కిచెన్ క్యాబినెట్ తలుపు లోపలి వైపో, కరెంటు ప్యానెల్ దగ్గరో, బెడ్‌రూమ్ అల్మరాలోనో దొరుకుతుంది. అందులో ఎక్కడ తయారైందో, ఎప్పుడు తయారైందో, ఎంత గాలి తట్టుకుంటుందో రాసి ఉంటుంది. 1992లో ఆండ్రూ తుపాను ఫ్లోరిడాలో ఇలాంటి ఇళ్ళను తుడిచిపెట్టాక 1994లో గాలి ప్రమాణాలు గట్టి చేశారు. తీరప్రాంత పార్కుల్లో ఆ ఏడాదికి ముందు ఇళ్ళెన్ని, తర్వాతవెన్ని అన్నది మీ దరఖాస్తులో బలమైన అంకె అవుతుంది.

నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు ఒక పెద్దాయన ఇంట్లో డేటా ప్లేటు ఎంతకీ దొరకలేదు. చివరికి సింకు కింది తలుపు తెరిస్తే, ఏళ్ళ తరబడి నూనె పట్టి పసుపు తేలిన కాగితం కనిపించింది. మెల్లగా తుడిచి ఫోటో తీశాను. ఆయనకు తన ఇంటి వయసు ఆ రోజే తెలిసింది. దయచేసి ఫోటో తప్పకుండా తీయండి. ఆ కాగితం ఊడిపోతే మళ్ళీ రుజువు సంపాదించడానికి నెలలు పడుతుంది.

సంఘం లేకుండా ఏదీ కదలదు

ప్రైస్‌కు రాష్ట్రాలు, స్థానిక ప్రభుత్వాలు, గిరిజన ప్రభుత్వాలు, లాభాపేక్ష లేని సంస్థలు, కమ్యూనిటీ అభివృద్ధికి అప్పులిచ్చే ఆర్థిక సంస్థలు దరఖాస్తు చేయొచ్చు. నివాసుల చేతిలో ఉన్న పార్కులు, కో-ఆపరేటివ్‌లు కూడా చేయొచ్చు. మీ పార్కు ప్రైవేటు యజమానిదైతే, మీ సంఘం ఒక భాగస్వామిని పట్టుకోవాలి. ఎలాగైనా సరే, ముందు సంఘం రిజిస్టర్ కావాలి.

మొదటి మీటింగుకు పదిమంది వస్తే గొప్ప. ఒకరి ఇంటి ముందు కుర్చీలు వేసి, కాఫీ పెట్టి, ముందు వాళ్ళ బాధ చెప్పుకోనివ్వండి. చాలా పార్కుల్లో సగానికి సగం స్పానిష్ మాట్లాడేవాళ్ళుంటారు. నోటీసు రెండు భాషల్లో లేకపోతే వాళ్ళు రారు, వాళ్ళు రాకపోతే మీ లెక్క తప్పుతుంది. మెంబర్ల జాబితా, నిబంధనల పత్రం, మీటింగ్ మినిట్స్, బ్యాంకు ఖాతా, ఈ నాలుగూ మొదటి మూడు నెలల్లో తయారుచేసుకోండి. యజమాని మీద కోపంతో సంఘం పెట్టినా, మినిట్స్‌లో కోపం రాయకండి. ఆ కాగితాలు తర్వాత అధికారులు చదువుతారు.

ఇక్కడే నేల సంగతి వస్తుంది. కొన్ని రాష్ట్రాల్లో యజమాని పార్కు అమ్మబోతే నివాసులకు ముందే నోటీసు ఇవ్వాలి. న్యూ హాంప్‌షైర్‌లో 60 రోజులు. కొలరాడోలో ఇప్పుడు 120 రోజులు. ఆ గడువులో నివాసులు తామే కొనడానికి ధర చెప్పుకోవచ్చు. ఇలా కొనుక్కున్న పార్కుల కథ న్యూ హాంప్‌షైర్‌లోని మెరెడిత్ అనే ఊళ్ళో 1984లో మొదలైంది. 13 కుటుంబాలు కలిసి కో-ఆపరేటివ్ పెట్టుకుని, అక్కడి కమ్యూనిటీ లోన్ ఫండ్ ఇచ్చిన అప్పుతో తమ పార్కు కొనుక్కున్నాయి. ఆ అనుభవం మీదే, నివాసులు తమ పార్కు కొనుక్కోవడానికి సాయపడే రాక్ యూఎస్ఏ అనే సంస్థ 2008లో ఏర్పడింది. ఇప్పుడు దాని నెట్‌వర్క్‌లో 300కు పైగా పార్కులున్నాయి. కొనాలనే ఆలోచన మీలో ఏ మూల ఉన్నా, అమ్మకం బోర్డు కనబడకముందే అలాంటి సంస్థతో ఒకసారి మాట్లాడండి. 60 రోజులు నోటీసు చదివేలోపే అయిపోతాయి.

ఆదాయం సర్వే

ఈ పథకాలన్నీ తక్కువ, మధ్య ఆదాయం వాళ్ళకోసం. హడ్ లెక్కలో అంటే, ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతానికి లోపు. కుటుంబంలో ఎందరున్నారన్న దాన్నిబట్టి పరిమితి మారుతుంది, ఆ పట్టిక ఏటా కొత్తగా వస్తుంది. బ్లాక్ గ్రాంటు డబ్బుతో ఒక ప్రాంతమంతటికీ పనికొచ్చే పని చేయాలంటే, అక్కడుండేవాళ్ళలో కనీసం 51 శాతం ఆ పరిమితి లోపల ఉన్నారని చూపించాలి.

సెన్సస్ లెక్కతో ఇది చూపించొచ్చు గానీ, పార్కు పక్కనే పెద్ద పెద్ద ఇళ్ళుంటే సగటు పైకి పోయి మీరు ధనవంతుల కింద లెక్కకొస్తారు. మాకు అదే జరిగింది. అప్పుడు ఇంటింటి సర్వే చేయాలి. జీతం ఎంత అని నేరుగా అడగకండి. మీ కుటుంబ సైజుకు పరిమితి ఇంత, మీరు దానికి పైనా, కిందా అని అడిగి టిక్కు పెట్టించండి. ఫారం మీద పేరు వద్దు, ఒక నంబరు చాలు. ఇమ్మిగ్రేషన్ స్టేటస్ గురించి ఒక్క ప్రశ్న కూడా వద్దు. జనానికి అంతకంటే టెన్షన్ పుట్టించేది ఇంకోటి లేదు. సర్వే మొదలుపెట్టే ముందు కౌంటీ గ్రాంట్ల ఆఫీసుకు ఫారం పంపి, వాళ్ళు ఒప్పుకున్న పద్ధతిలోనే చేయండి. లేకపోతే మళ్ళీ చేయమంటారు.

నేల కింద ఏముందో తెలుసుకోండి

నన్ను అడిగితే దరఖాస్తు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. "మా పార్కులో వసతులు బాగాలేవు" అని పది పేజీలు రాసినా చదివేవాడికి ఏమీ అర్థం కాదు. "మెయిన్ లైను 1970ల నాటిది, రెండంగుళాలదే, గత 24 నెలల్లో 11 సార్లు పగిలింది, మార్చడానికి ఇంజనీరు వేసిన అంచనా ఇంత" అని ఒక్క వాక్యం రాస్తే బొమ్మ కళ్ళకు కడుతుంది.

పార్కుల్లో నేల కింద ఉండేవి ఎక్కువగా పార్కు కట్టినప్పుడు వేసినవే. చలి ప్రాంతాల్లో లైన్లు లోతు లేకపోతే ఏటా పగులుతాయి. 1970ల చివరి నుంచి 1990ల మధ్య వరకు చాలా ఇళ్ళలో వాడిన ఆ బూడిద రంగు పాలీబ్యూటిలీన్ పైపు అతుకుల దగ్గర విరుగుతుంది. చాలా పార్కులకు ఊరి నీళ్ళు ఒకే మాస్టర్ మీటరు ద్వారా వస్తాయి. లీకైన నీళ్ళ ఖర్చు కూడా చివరికి అందరి బిల్లుల్లోకే వస్తుంది. మాస్టర్ మీటరు రీడింగు, ఇంటింటి మీటర్ల మొత్తం పక్కపక్కన వేసి చూడండి. ఆ రెంటికీ తేడా ఎంతో అన్ని నీళ్ళు నేలలోకి పోతున్నాయి. ఇంటింటికీ మీటర్లు లేకపోతే రాత్రి రెండు గంటలకు మాస్టర్ మీటరు దగ్గర నిలబడి, పది నిమిషాలు తేడాతో రెండు ఫోటోలు తీయండి. అందరూ నిద్రపోయే వేళ ముల్లు జోరుగా తిరుగుతుంటే అది దాదాపు లీకే.

మురుగు సంగతి ఇంకా సున్నితం. సెప్టిక్ ట్యాంకులు ఎన్ని ఇళ్ళకు ఒకటి, చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారు, వాన పడ్డప్పుడు ఎక్కడ పొంగుతుంది, పొంగినరోజు తేదీ, ఫోటో ఇవన్నీ ఒక నోట్‌బుక్కులో రాయండి. కరెంటు స్తంభాల దగ్గర ఉండే పెట్టెలు ఎన్ని ఆంప్‌లవో చూడండి. పాత పార్కుల్లో 50, 60 ఆంప్‌లే ఉంటాయి. ఇప్పటి ఇంటికి ఏసీ, డ్రయ్యరు ఒకేసారి వేస్తే ఆగిపోతుంది. వరద మ్యాపులో పార్కు ఏ జోన్లో ఉందో ఇప్పుడే చూసుకోండి. వరద నీరు పారే దారిలోనే ఉంటే, అక్కడ ఇళ్ళకు డబ్బు పెట్టడానికి ఒప్పుకోరు. అది చివర్లో తెలిస్తే అంతా వృథా.

తర్వాత లైసెన్సున్న ఇంజనీరుతో ప్రాథమిక నివేదిక రాయించండి. దీనికే డబ్బు లేకపోతే, ప్లానింగు ఖర్చులకు ఇచ్చే చిన్న గ్రాంటు మీ రాష్ట్రంలో ఉందేమో ముందు అడగండి. మీలో ఇంజనీర్లున్నారు. ఒక శనివారం వెళ్ళి సాయం చేయండి. మీరు ఉచితంగా పెట్టిన గంటలకు సంతకంతో రికార్డు ఉంటే, వాటిని కూడా పార్కు తరఫు వాటాగా నియమాల ప్రకారం లెక్క కట్టొచ్చు.

రిజిస్ట్రేషన్: మేము దెబ్బ తిన్నచోటు

ఫెడరల్ గ్రాంటుకు నేరుగా దరఖాస్తు చేసే సంస్థ ఏదైనా సామ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదై యూఈఐ అనే గుర్తింపు సంఖ్య పొందాలి. ఆ తర్వాతే గ్రాంట్స్ డాట్ గవ్‌లో దరఖాస్తు పెట్టగలరు. ఇదంతా ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్లు, ఈమెయిళ్ళు వస్తాయి, పట్టించుకోకండి.

మా సంఘం పేరులో "అండ్" అన్న మాట ఉంది. రాష్ట్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్ పత్రంలో ఆ మాట అక్షరాలతో ఉంది, బ్యాంకు లెటర్లో దాని బదులు గుర్తు ఉంది. అంతే. పేరు సరిపోలలేదని వెనక్కి పంపారు. సరిచేసిన పత్రం వచ్చేసరికి ఐదు వారాలైంది. ఈలోగా మేము ఎదురుచూసిన రాష్ట్ర గ్రాంటు గడువు దాటిపోయింది. ఆ సాయంత్రం పెద్దావిడకు ఫోన్ చేసి చెప్పడం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకని పేరు, చిరునామా ప్రతి కాగితంలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయో లేదో ఇద్దరు మనుషులు విడివిడిగా చూడండి. నమోదును ఏటా రెన్యూ చేయాలి. ఒకరి ఫోన్లో కాకుండా ముగ్గురి ఫోన్లలో రిమైండర్ పెట్టండి.

దరఖాస్తు రాయడం

ప్రైస్‌లో మార్కులు వేసేవాళ్ళు చూసినవి ఇవి: అవసరం ఎంత ఉంది, మీ పద్ధతి సరైనదేనా, మీకు చేసే సత్తా ఉందా, మిగతా డబ్బు ఎక్కడిది, ఆ మేలు ఎన్నాళ్ళు నిలుస్తుంది. చివరి ప్రశ్న దగ్గరే చాలా దరఖాస్తులు నీరసపడిపోతాయని నా నమ్మకం. కొత్త పైపులు వేశాక యజమాని లాట్ రెంట్ రెట్టింపు చేస్తే, ప్రజల డబ్బుతో ఆయన ఆస్తి విలువ పెంచినట్టే అవుతుంది. కాబట్టి అద్దె ఎంతకు మించకూడదో, ఎన్నేళ్ళు పార్కుగానే ఉంచాలో రాసిన ఒప్పందం దరఖాస్తుకు జతచేయండి. ఏడాది లీజు, అద్దె పెంచే ముందు 30 రోజుల నోటీసు, అమ్మకానికో మూసివేతకో ముందు 60 రోజుల నోటీసు, ఇల్లు ఉన్నచోటే అమ్ముకునే హక్కు ఇవి అడగండి. బ్యాంకుల దగ్గర ఇళ్ళ అప్పులు కొనే ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ సంస్థలు పార్కుల అప్పుల విషయంలో ఒప్పుకున్న రక్షణల్లోనూ ఇవి ఉన్నాయి కాబట్టి యజమాని వింత కోరికలని అనలేరు.

మనవాళ్ళలో పెట్టుబడి కింద ఇలాంటి పార్కుల్లో వాటా తీసుకోమని ఆఫర్లు అందుకునేవాళ్ళున్నారు. నాకూ వచ్చింది. మీరు వాటాదారైతే, ఈ ఒప్పందం మీద సంతకం పెట్టమని మీ మేనేజర్‌ను అడగగలిగే మనిషి మీరే. "లాట్ రెంట్ పెంచే అవకాశం" అని బ్రోచర్‌లో రాసిన ఆ గీత వెనకాల నేను పైన చెప్పిన పెద్దావిడ పెన్షన్ ఉంది.

దరఖాస్తు పంపేముందు డ్రాఫ్టును జనం ముందు పెట్టి, అభిప్రాయాలు తీసుకుని, బహిరంగ సమావేశం పెట్టాలి. దాన్ని మొక్కుబడిగా చేయకండి. పార్కులోనే, పనులు ముగిశాక సాయంత్రం పూట, అనువాదం చెప్పే మనిషితో పెట్టండి. అక్కడ ఒకావిడ "కొత్త ఇల్లు పెట్టేదాకా మేము ఎక్కడుండాలి?" అని అడిగితే దానికి సమాధానం అప్పటికే మీ బడ్జెట్లో ఉండాలి. ఫెడరల్ డబ్బు వల్ల ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినవాళ్ళకు 1970 నాటి పునరావాస చట్టం కింద హక్కులుంటాయి. ఆ ఖర్చు మర్చిపోయి రాసిన బడ్జెట్టు తర్వాత నిలబడదు.

గ్రాంటు వచ్చాక గునపం పట్టకండి

ఉత్తరం రాగానే కాంట్రాక్టరును పిలవకండి. పర్యావరణ సమీక్ష పూర్తయి నిధులు విడుదలయ్యేదాకా తవ్వకూడదు, స్థలం కొనకూడదు, కాంట్రాక్టు సంతకం కూడా చేయకూడదు. తొందరపడితే ఆ పనికి డబ్బే రాకుండా పోవచ్చు. 1978కి ముందు ఇళ్ళుంటే వాటికి వేసిన రంగులో సీసం ఉందేమో పరీక్ష చేయించాలి. చాలాచోట్ల డబ్బు బిల్లు చూపించాకే వస్తుంది కనుక మొదటి రెండు నెలల చెల్లింపులకు బ్యాంకులోనో భాగస్వామి సంస్థలోనో ఏర్పాటు ముందే చూసుకోండి.

రాకపోతే, ఎందుకు రాలేదో వివరించమని రాతపూర్వకంగా అడగండి. హడ్ నోటీసుల్లో ఆ అవకాశం ఉంటుంది. ఆ కాగితాలనే సర్ది రాష్ట్రానికి, కౌంటీకి పెట్టుకోండి.

ఈలోగా చలి ఆగదు కదా. ఒక్కో ఇంటికి వచ్చే సాయాలకు ఇప్పుడే పేర్లు రాయించండి. ఇంధన శాఖ వెదరైజేషన్ పథకం పేదరిక రేఖకు రెండింతల ఆదాయం లోపు వాళ్ళకు వర్తిస్తుంది, ఇలాంటి ఇళ్ళకూ ఉంది. నేల కింద చిరిగిన ఇన్సులేషను, లీకయ్యే డక్టులు దానికింద బాగుచేస్తారు. గ్రామీణ ప్రాంతంలో ఉంటే వ్యవసాయ శాఖ 504 పథకంలో చాలా తక్కువ ఆదాయం ఉన్న ఇంటి యజమానులకు 1 శాతం వడ్డీకి 40,000 డాలర్ల దాకా అప్పు, వాళ్ళలో 62 ఏళ్ళు నిండినవాళ్ళకు 10,000 దాకా గ్రాంటు ఉన్నాయి. ఫౌండేషన్ గురించి, నేల లీజు గురించి వాళ్ళ షరతులు ముందే అడిగి తెలుసుకోండి. ఆ పెద్దావిడ పైపు కౌంటీ మరమ్మతు పథకంలో మారింది. దరఖాస్తు పెట్టిన ఏడు నెలలకు ఇద్దరు మనుషులు వచ్చి రేకు తీసి, ఎర్రది ఒకటి, నీలంది ఒకటి కొత్త పైపులు వేసి వెళ్ళారు. పార్కు మెయిన్ లైను మాత్రం ఇంకా అలాగే ఉంది. మా ఇంజనీరింగ్ నివేదిక మూడో డ్రాఫ్టు ఈ నెలలో కౌంటీకి వెళ్తోంది.